ఇవాళ కూడా గాలి ఎక్కువ

మార్చి 4

మందుల కంపెనీ వాళ్ళు డాక్టరుగారికి ఇచ్చిన డైరీ ఇది. ఆయన దగ్గర ఇలాంటివి చాలా ఉన్నాయట. "తీసుకోవయ్యా, ఇంటికెళ్ళి గోడలతో మాట్లాడే బదులు ఇందులో రాసుకో" అన్నారు. గోడలతో మాట్లాడతానని ఆయనకెవరు చెప్పారో. నేను మాట్లాడేది ఫ్రిజ్‌తో. అదైనా మధ్యమధ్య ఊఁ కొడుతుంది.

ఏం రాయాలి? మా ఆవిడ ఇంజనీరు, వేరే దేశంలో వంతెన కట్టడానికి వెళ్ళి ఏడాది దాటింది. ఇంకో ఏడాది పైనే పని ఉందట. నేనిక్కడ డాక్టరుగారి క్లినిక్ వెనక గదిలో కట్టుడు పళ్ళు చేస్తుంటాను. సాయంత్రం నాలుగింటికి, అక్కడ వాళ్ళకి భోజనాల వేళ, తను ఫోన్ చేస్తుంది. ఎలా ఉన్నావంటే ఎలా ఉన్నావనుకుంటాం. బాగున్నానంటే బాగున్నాననుకుంటాం. నిజంగా బాగానే ఉన్నాను. చేతిలో పని ఉంది, నెత్తి మీద కప్పు ఉంది, పెళ్ళాం నన్ను మర్చిపోలేదు. ఇంతకన్నా ఏం కావాలి మనిషికి?

మార్చి 5

వంటింట్లో నిలబడే తినేశాను. ఒక్కడికి బల్ల తుడవడం ఎందుకు?

మార్చి 9

వంకల మామ్మ మళ్ళీ వచ్చింది. అసలు పేరు చీటీ మీద ఉంటుంది కానీ మా క్లినిక్‌లో అందరికీ ఆవిడ వంకల మామ్మే. ఆవిడ పళ్ళ సెట్టు నేను చేసిందే. తీసుకెళ్ళినప్పటి నుంచీ వారం వారం పట్టుకొస్తుంది. "గుచ్చుకుంటోందిరా అబ్బాయ్" అంటుంది. డాక్టరుగారు నోరు తెరిపించి చూసి, "చిగుళ్ళు అలవాటు పడాలి మామ్మగారూ" అని నా గదిలోకి పంపిస్తారు. నేను అంచులు కాస్త అరగదీసి, మెరుగు పెట్టి ఇస్తాను.

నాకు సంగతి అర్థమైంది. పాపం, ఒంటరి మనిషి. ఇంట్లో పలకరించే దిక్కు లేక ఏదో వంకతో ఇక్కడికి వస్తోంది. అది తెలిశాక నేనే కుర్చీ వేసి కూర్చోబెడుతున్నాను, టీ తెప్పిస్తున్నాను, కబుర్లు చెబుతున్నాను. ఆవిడ టీ చల్లార్చుకుని కుడి పక్క నుంచే తాగుతుంది. నేను చేసేది పెద్ద సాయమేం కాదు. ఒంటరితనం ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకి ఇవన్నీ తట్టవు.

అంటే నాకు బాగా తెలుసని కాదు.

మార్చి 12

అక్కడ పనిలో ఎవరికో కాలు విరిగిందట, ఫోన్లో తను చెప్పింది. అయ్యో అన్నాను. తర్వాత వంకల మామ్మ సంగతి చెప్పి నవ్వించాను. నవ్వింది. కొంచెం ఆలస్యంగా నవ్వింది. లైను సరిగ్గా లేదు.

మార్చి 15

గాలి ఎక్కువట. తను వంతెన మీదికి ఎక్కలేదట. మంచిదే, ఓ పూట విశ్రాంతి.

మార్చి 17, ఆదివారం

ఆదివారాన్ని ఎవరు కనిపెట్టారో గానీ పెళ్ళాం దగ్గరున్నవాడే అయ్యుంటాడు. పొద్దున్నే గది సర్దాను. మంచం మీద తన వైపు దుప్పటి ఎప్పుడూ నలగదు, అయినా దులిపాను. పక్క గదిలో టీవీ పెట్టి వంటింట్లో కూర్చున్నాను. అక్కడెవరో మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"తిన్నావురా?"

"తిన్నాను."

"ఏం తిన్నావ్?"

"గుడ్డు."

"నిన్న?"

"నిన్నా గుడ్డే."

"కోడి కూడా ఇన్ని రోజులు వరసగా గుడ్లు పెట్టదురా. మొగుడూ పెళ్ళాలంటే ఒక చూరు కింద ఉండాలి. వచ్చేయమని గట్టిగా చెప్పు దానికి. నోట్లో నాలుక లేదా నీకు?"

ఆ వంతెన తనకి ఎంత ఇష్టమో అక్కకి తెలియదు. చదువుకునే రోజుల్లోనే కాయితం మీద గీసి చూపించేది, ఇలాంటిది కట్టాలి అని. ఆ పని దొరికిన రోజు నా మెడ పట్టుకుని వదల్లేదు. అలాంటిదాన్ని వచ్చేయమంటానా? అనను. అనకుండా ఉండగలుగుతున్నాను, అదే నా అదృష్టం.

అక్కకి రుణపడి ఉన్నాను. ఎంత తిట్టినా ఆదివారం మర్చిపోదు.

మార్చి 21

ఇవాళ కూడా గాలి ఎక్కువట.

మార్చి 26

ఇవాళ కూడా. ఈ మధ్య రోజూ గాలే. పని ఎలా సాగుతుందంటే, "సాగుతోంది" అంది. ఇదివరకు ఒక మాట అడిగితే నాలుగు చెప్పేది. ఏ దూలం ఎలా ఎత్తారో, పెద్ద మేస్త్రి ఎవర్ని ఏమని తిట్టాడో. ఇప్పుడు నాలుగడిగితే ఒకటి.

మార్చి 27

అనవసరంగా చూశాను.

ఫోన్లో తనున్న ఊరి వాతావరణం చూడొచ్చు కదా అనిపించి చూశాను. అక్కడ గాలి లేదు. నిన్నా లేదు, మొన్నా లేదు. ఆకు కూడా కదలనంత ప్రశాంతంగా ఉందట.

తప్పు చూపిస్తోందేమో. ఫోన్ కదా.

మార్చి 28

ఎండ. గాలి లేదు. నాలుగింటికి తను: "ఇవాళ కూడా గాలి ఎక్కువ."

నేను: "ఓహో."

మార్చి 30

మనసు మనసులో లేదు. పై వరస పళ్ళు తిరగేసి పెట్టి, మైనం గట్టిపడ్డాక చూసుకున్నాను. మనిషి అబద్ధం ఎందుకు ఆడతాడు? నిజం చెబితే ఎదుటివాడు బాధపడతాడని. అయితే ఆ నిజం ఏంటి? పైకెక్కకపోతే పగలంతా ఎక్కడుంటోంది? ఎవరితో ఉంటోంది?

ఛీ. కొట్టేద్దామనుకున్నాను ఈ మాట. ఉండనీ. ఎవరు చూడొచ్చారు?

ఏప్రిల్ 1

ఫోన్ ఎత్తలేదు. పని ఎక్కువగా ఉంది.

ఏప్రిల్ 2

నిన్న పనేం లేదు. మోగుతుంటే బల్ల మీద పెట్టి చూస్తూ కూర్చున్నాను. మోగి మోగి ఆగిపోయింది. తర్వాత "తలనొప్పి, పడుకున్నాను" అని పంపాను. ఇద్దరం సమానం అయిపోయాం. నీకు గాలి, నాకు తలనొప్పి.

ఏమొచ్చింది దానివల్ల? రాత్రి అన్నం సహించలేదు, అంతే.

ఏప్రిల్ 6

మామ్మ వచ్చింది. కాసేపు కబుర్లు చెప్పాను. ఆవిడ పెద్దగా మాట్లాడలేదు. దవడ పట్టుకుని కూర్చుంది. వయసు మీద పడుతోంది పాపం. నాలుగింటికి ఫోన్ వస్తే మామ్మ ఉందని చెప్పి త్వరగా పెట్టేశాను. అబద్ధం కాదు, మామ్మ నిజంగానే ఉంది.

ఏప్రిల్ 10

ఇవాళ రాయాల్సింది చాలా ఉంది. చేయి నొప్పి పుట్టినా సరే.

పొద్దున మామ్మ వచ్చింది. ఎప్పటిలాగే కుర్చీ వేశాను. టీకి చెప్పబోతుంటే ఆవిడ సెట్టు తీసి నా బల్ల మీద ఠప్పున పెట్టింది. పళ్ళు తీసేస్తే ఆవిడ మాట కొంచెం తేలిపోతుంది గానీ ఇవాళ ప్రతి అక్షరం అర్థమైంది.

"అబ్బాయ్, నీకు చెవుడా?"

"లేదు మామ్మా."

"మరి గుచ్చుకుంటోందిరా అని మొత్తుకుంటే టీ ఇస్తావేం?"

ఉన్నమాట చెప్పేశాను. "ఇంట్లో ఒక్కరే కదా, తోచక వస్తున్నారేమో అనుకున్నాను మామ్మా."

"తోచకా? నాకా?" ఆవిడ కళ్ళు ఇంతింత చేసుకుంది. "ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, గంపెడు మనవలు, పైగా ఓ కుక్క! స్నానాల గది ముందు వరస కట్టాలి మా ఇంట్లో. ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క పూట ఇంట్లో ఎవరూ లేకుండా ఉంటే చాలురా భగవంతుడా అనుకుంటూ బతుకుతున్నాను. గుచ్చుకుంటోంది కాబట్టి వస్తున్నాన్రా! ఇంకెందుకొస్తాను, నీ మొహం చూడ్డానికా?"

గుమ్మంలో డాక్టరుగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

"ఒంటరిగా ఉన్నది నేను కాదు, నువ్వు" అంది మామ్మ, కొంచెం తగ్గి. "కూర్చోబెట్టుకుని కబుర్లు చెబుతుంటే పోనీలే, పెళ్ళాం దగ్గర లేనివాడు, వాగనీ అని విన్నాను. విని విని నా దవడ పుండైపోయింది."

నేను ఆవిడకి సాయం చేస్తున్నాననుకుంటే ఆవిడ నాకు చేస్తోంది, దవడ నొప్పి ఓర్చుకుని మరీ.

సెట్టు చేతిలోకి తీసుకున్నాను. ఇన్నాళ్ళూ అంచులు అరగదీశానే గానీ చిగురుకి ఆనే లోపలి వైపు ఒక్కసారైనా సరిగ్గా చూడలేదు. దూది తీసుకుని నెమ్మదిగా లోపలంతా రాశాను. ఎడమ పక్క, నాలుక వైపు, ఒక చోట దూది పోగు పట్టుకుంది. వేలు పెట్టాను. బియ్యపు గింజలో సగం కూడా లేదు ఆ బొడిపె. అచ్చు పోసినప్పుడు ప్లాస్టర్‌లో గాలిబుడగ ఉండిపోయి ఉంటుంది, ఆ గుంటలోకి దిగినదే ఇది. అంత చిన్నది రోజంతా పచ్చి చిగురు మీద కూర్చుంటే ఎలా ఉంటుంది? తీసేయడానికి మాత్రం నిమిషం పట్టలేదు.

పెట్టుకుని బిస్కెట్ కొరికింది. కుడి పక్క, ఎడమ పక్క, మళ్ళీ ఎడమ పక్క. కళ్ళు మూసుకుని "ఆఁ" అంది. నా తల మీద చెయ్యి వేసి నిమిరి వెళ్ళిపోయింది. ఒక్క మాట కూడా తిట్టలేదు.

నాలుగింటికి ఫోన్. నేనే ముందు ఎత్తుకుని మామ్మ సంగతంతా చెప్పాను, ఆవిడ గొంతు పెట్టి మరీ. "తోచకా? నాకా?" అంటే తను పకపకా నవ్వింది. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు విని. తర్వాత, "ఎప్పట్నుంచి చెబుతోందో పాపం" అంది.

అని ఊరుకుంది. అలా చాలాసేపు ఊరుకుంది. లైను సరిగ్గానే ఉంది. అవతల ఎవరో గరిటె పళ్ళానికి కొడుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది.

నాకు మామ్మ టీ గ్లాసు గుర్తొచ్చింది, కుడి పక్క నుంచే తాగడం గుర్తొచ్చింది. కళ్ళముందే ఉంది, చూడలేదు.

"అక్కడ గాలి లేదు కదా" అన్నాను.

మళ్ళీ నేనే అన్నాను.

"ఫోన్లో రోజూ చూస్తున్నాను. లేదు. ఎక్కడ గుచ్చుకుంటోంది నీకు?"

అప్పుడు చెప్పింది.

"ఆ రోజు ఒకతని కాలు విరిగిందన్నాను చూడు..."

"అన్నావు."

"నా కళ్ళ ముందే. నిచ్చెన మీద నాకు పైన ఉన్నాడు. జారి నా భుజానికి తగిలి కిందికి పోయాడు. నడుముకి కట్టుకున్న బెల్టు పట్టుకుంది గానీ కాలు దూలానికి కొట్టుకుంది. అతను బాగానే ఉన్నాడు, కట్టు కట్టారు, ఇంటికి పంపారు. నా చేతులే, నిచ్చెనకి అతుక్కుపోయాయి. ఇద్దరొచ్చి ఒక్కో వేలూ విడదీశారు."

ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను.

"అప్పట్నుంచి ఎక్కలేకపోతున్నాను. కాలు మొదటి మెట్టు మీద పెడితే చాలు, ఒళ్ళంతా చెమట. కింద కాయితాల పని పెట్టుకుని కూర్చుంటున్నాను. నా దగ్గర పనిచేసేవాళ్ళు పైకెళ్ళి ఫొటోలు తెస్తే చూస్తున్నాను. బోల్టు బిగిందో లేదో ఫొటోలో తెలుస్తుందా? ఇప్పటికి మేస్త్రి తన చేత్తో బిగించి చూస్తున్నాడు కాబట్టి సరిపోయింది. సంతకం నాది కదా. ఎన్నాళ్ళని?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వచ్చేయమంటావు."

"వచ్చేయ్" అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది. తను ఏడ్చింది. నేను వింటూ కూర్చున్నాను. ఏడుపు ఆపమనలేదు. వాళ్ళ భోజనాల వేళ అయిపోయింది. తినకుండానే వెళ్ళింది.

నేను ఏమేమో అనుకున్నాను మార్చి నెలాఖరులో. ఆ పేజీ చింపను. సిగ్గు పడాల్సినప్పుడల్లా చూసుకోవచ్చు.

ఏప్రిల్ 12

వస్తోంది! అక్కకి చెప్పాను. "ఇప్పటికి నాలుక మొలిచింది నీకు" అంది. పరదాలు ఉతికాను. మిణుకుమంటున్న ట్యూబులైటు ఏడాదిగా మార్చలేదు, మార్చాను. ఇల్లు ఇంత వెలుతురుగా ఉంటుందని మర్చిపోయాను. తన దిండు ఎండలో వేశాను.

ఏప్రిల్ 14

బల్ల తుడిచి, కూర్చుని తిన్నాను. అలవాటు చేసుకోవాలి కదా.

ఏప్రిల్ 16

రావట్లేదు.

తను చెప్పింది చెప్పినట్టు రాస్తాను. "నువ్వు వచ్చేయ్ అన్నావు చూడు, ఆ రాత్రి ఒళ్ళెరగకుండా నిద్రపోయాను. ఎన్ని రోజులైందో అలా పడుకుని. లేచాక అనిపించింది, తలుపు తీసే ఉంది కదా, ఎప్పుడైనా వెళ్ళొచ్చు. వెళ్ళేముందు ఒక్కసారి ప్రయత్నం చేసి చూద్దాం అని. కోపమా?"

"కోపం ఎందుకు?" అన్నాను.

కోపమే. పరదాలు ఉతికినవాడికి తెలుస్తుంది. ఫోన్ పెట్టేసి మర దగ్గర కూర్చుని ఒక సెట్టు అరగదీస్తూనే ఉన్నాను. డాక్టరుగారు వచ్చి, "అవి పళ్ళయ్యా, బియ్యం కాదు. అంత పాలిష్ పట్టకు" అన్నారు. చెప్పాను సంగతి. ఆయన వింటూ నా చేతిలోంచి సెట్టు మెల్లిగా తీసుకుని పక్కన పెట్టారు. "నువ్వు రమ్మనడం వల్ల ఆవిడ ఉండగలుగుతోంది. ఇదేదో తిరకాసు వ్యవహారంలా ఉందే" అన్నారు.

తిరకాసే. కానీ ఆలోచిస్తే నా ఒక్క మాటకి మనిషి హాయిగా నిద్రపోయిందంటే చిన్న విషయం కాదు. నేను పక్కనున్న రోజుల్లో కూడా నా మాటకి అంత బలం ఉన్నట్టు గుర్తులేదు.

ఏప్రిల్ 19

ఒకటి అడిగింది. పొద్దున పని మొదలయ్యే వేళకి, అంటే ఇక్కడ పదిన్నరకి, ఫోన్ చేస్తుందట. నేను పెట్టేయకుండా ఉండాలట. ఏం మాట్లాడాలంటే, "ఏం మాట్లాడొద్దు. నీ పని నువ్వు చేసుకో. ఎలా ఉన్నావని మాత్రం అడక్కు" అంది. మేస్త్రితో మాట్లాడి ఒప్పించిందట. ఫోన్ జేబులో, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ తీగ. రెండు చేతులూ నిచ్చెనకే.

ఏప్రిల్ 22

పదిన్నరకి ఫోన్ వచ్చింది. నేను మైనంలో పళ్ళు పేరుస్తున్నాను. నా చెవిలో తన ఊపిరి, ఇనుము మీద బూట్ల చప్పుడు, దూరంగా ఎవరివో కేకలు. కాసేపటికి ఆగిపోయింది.

"ఎక్కడున్నావ్?"

"నిచ్చెన ముందు."

"సరే."

"నువ్వేం చేస్తున్నావ్?"

"ముందు పళ్ళు రెండూ పెట్టాను. కోరపన్ను దగ్గర ఉన్నాను. ఈ పెద్దాయనకి కోరపన్ను కొంచెం వంకరగా ఉండేదట. అలాగే కావాలట. కొత్త పళ్ళలా కనబడకూడదట."

"పెట్టు మరి, వంకరగా."

పెట్టాను. అయిపోయేదాకా తను నిచ్చెన పట్టుకుని అక్కడే నిలబడింది. ఎక్కలేదు. "ఇవాళ్టికి ఇంతే" అంది. ఇంతే అయినా పర్వాలేదు. ఏడాదిలో మేమిద్దరం ఇంతసేపు ఒకచోట ఉన్నది ఇవాళే.

ఏప్రిల్ 25

నాలుగు మెట్లు ఎక్కి దిగింది.

ఏప్రిల్ 29

ఎక్కలేదు. దవడ పన్ను ఎలా అమరుస్తారో అడిగింది. చెప్పాను.

మే 3

నిచ్చెన మధ్యలో ఆగి నిలబడే మొదటి అరుగు దాకా వెళ్ళింది!

ఆ టైముకి మామ్మ వచ్చి ఉంది. ఈసారి నొప్పికి కాదు, చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చింది సెట్టు చేయించడానికి. నా చెవిలో తీగ చూసి, "ఎవర్రా?" అంది.

"మా ఆవిడ. వంతెన స్తంభం ఎక్కుతోంది మామ్మా."

"ఎందుకు, కింద నడిచే దారి లేదా?" అని, తర్వాత సంగతంతా విని కుర్చీ దగ్గరికి లాక్కుంది. "కిందికి చూడొద్దని చెప్పు అమ్మాయికి."

చెప్పాను. చెవిలో తను ఆయాసపడుతూ నవ్వింది. "చూడ్డమే నా ఉద్యోగమని చెప్పు మామ్మగారికి."

చెప్పాను. మామ్మ ఆలోచించింది. "అయితే గట్టిగా పట్టుకుని చూడమను."

అంతకన్నా చక్కగా ఎవరూ చెప్పలేరు. గది బయట డాక్టరుగారు అప్పుడే డ్రిల్లు మొదలుపెట్టబోయి, వేలు పైకెత్తి, "కానివ్వండి, నేను ఆగుతాను" అన్నట్టు సైగ చేశారు. కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నాయన కూడా ఆగాడు పాపం, ఎందుకో తెలియకపోయినా.

ఎవరు చేస్తారు ఇలా? ముక్కూ మొహం తెలియని ఒక ఇంజనీరు నాలుగు మెట్లు ఎక్కాలని ఇక్కడ ఓ క్లినిక్ మొత్తం ఊపిరి బిగపట్టింది. ఇంటికొచ్చాక గుర్తొచ్చి కళ్ళు చెమ్మగిల్లాయి. ఉల్లిపాయలు కూడా కోస్తున్నాననుకోండి.

మే 12, ఆదివారం

మామ్మ పట్టుబట్టి వాళ్ళింటికి పిలిచింది, "వచ్చి చూడు, నాకు తోచట్లేదో లేదో" అని. నిజంగానే స్నానాల గది ముందు వరస ఉంది, మధ్యాహ్నం పూట కూడా! పిల్లలు మెట్ల మీద నుంచి దూకుతున్నారు, కుక్క చెప్పు ఎత్తుకుపోయింది, కొడుకులిద్దరూ ఫ్యాను వేగం గురించి తగువు. కోడలు ఒకావిడ నాకు వడ్డిస్తూ, "మీరేనా మా అత్తయ్యని కూర్చోబెట్టి ఓదార్చింది?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రెండు చెవులూ గింగురుమంటుంటే ఇంటికొచ్చి తలుపేసుకుంటే ఆ నిశ్శబ్దం చల్లటి నీళ్ళు తాగినట్టుంది.

అలా అని రోజూ అలా ఉండదు. రాసుకునేది నాకోసమే కాబట్టి నిజం రాయాలి. సాయంత్రానికల్లా మళ్ళీ తన మాటే. తలుపు చప్పుడైతే చాలు చూస్తాను. అది తగ్గే జబ్బు కాదు. కానీ ఇప్పుడది నా ఒక్కడిదే కాదని తెలిసింది. తనకీ ఉంది, అక్కడ, చేతికి గ్లవ్సు వేసుకున్న వేళ కూడా. ఇద్దరం పంచుకుంటే బరువు సగమవుతుందంటారు. సగం కాలేదు గానీ, మోయడానికి పట్టు దొరికింది.

మే 20

పై దాకా!

ఈసారి నిజంగానే గాలి, చెవిలో హోరు. నేను మర ఆపేసి నిలబడ్డాను. చేతిలో కింది దవడ అచ్చు ఉంది, అది పట్టుకునే నిలబడ్డాను.

"వచ్చేశాను" అంది.

"ఎలా ఉంది అక్కడ?"

"నది సముద్రంలో కలిసేది కనబడుతోంది. నీళ్ళు రెండు రంగుల్లో ఉన్నాయి. అవతలి ఒడ్డు నుంచి వాళ్ళు కట్టుకొచ్చింది, ఇటు నుంచి మేం కట్టింది, మధ్యలో ఖాళీ. అచ్చం నీ బల్ల మీద సగం పేర్చిన సెట్టులా ఉంది."

"మిగతా పళ్ళు త్వరగా పెట్టండి మరి. జనం నమలాలి."

"ఏడ్చావులే" అంది. తనే ఏడుస్తోందని గొంతులో తెలుస్తోంది. బెల్టు తగిలించుకుందో లేదో రెండుసార్లు అడిగాను. మూడోసారి అడగబోతే, "ఎలా ఉన్నావని అడగడం మానేశావనుకుంటే ఇదొకటి పట్టావా" అంది. తర్వాత బోల్టులు చూసింది. ఒక్కోటి చేత్తో తడిమి, నంబరు పైకి చదివింది. నాకేం అర్థం కాలేదు. అంత మంచి మాటలు ఈ ఏడాదిలో వినలేదు.

మే 28

రోజూ వెళ్తోంది. రోజూ పదిన్నరకి నేను చెవిలో తీగ పెట్టుకుంటాను. పదిన్నరప్పుడు నన్నెవరూ పిలవరు. డాక్టరుగారు క్లినిక్‌లో రూలు పెట్టేశారు.

జూన్ 6

పదిన్నరకి ఫోన్ రాలేదు.

పదకొండు. రాలేదు. చేస్తే ఎత్తదు. నిచ్చెన మీద ఉంటే మోగడం మంచిది కాదని మళ్ళీ చేయలేదు. ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. డాక్టరుగారు రెండుసార్లు వచ్చి నా మొహం చూసి వెళ్ళారు. పంటి బిగువున పనిచేశాను, పళ్ళ పనివాణ్ణి కదా. మైనం కాలిపోయింది. మళ్ళీ భయం పట్టుకుందా, జారిందా, కాలు, భుజం, బెల్టు... అవన్నీ రాయను. అనుకున్నవన్నీ రాస్తే కాయితం కూడా భయపడుతుంది.

నాలుగింటికి మోగింది. ఎత్తీ ఎత్తగానే నోటినిండా ముద్ద పెట్టుకుని మొదలుపెట్టింది:

"విన్నావా, ఈ కాంట్రాక్టరు ఏం చేశాడో? నాసిరకం బోల్టులు పంపాడు! పైగా నాకే చెబుతున్నాడు, ఇవే సరిపోతాయమ్మా అని. రావయ్యా పైకి, చూపిస్తానన్నాను. నా వెనకాలే రాలేక సగంలో ఆగిపోయాడు. నేను పైనుంచి అరవడం, అతను మధ్యలోంచి అరవడం! మేస్త్రి కింద కూర్చుని ఒకటే నవ్వు. మొత్తం సరుకు వెనక్కి పంపించేశాను..."

అలా చెబుతూనే ఉంది. నేను ఊఁ కొడుతూ విన్నాను. ఊపిరి తీసుకోవడానికి ఆగితే అడిగాను.

"పొద్దున ఫోన్ చేయలేదేం?"

"పొద్దునా? ఏం పొద్..." ఆగిపోయింది. నమలడం కూడా ఆగింది. "అయ్యో! ఫోన్ గదిలోనే ఉండిపోయింది. ఇప్పుడేగా తీశాను. అయితే నేను... ఎక్కి దిగానా? ఊరికే అలా ఎక్కేశానా?"

"ఎక్కావట కదా. అరిచావు కూడా."

"మర్చిపోయాను!"

"నన్నా, భయాన్నా?"

కాసేపు ఆలోచించింది. "రెండూ" అంది.

ఇద్దరం ఎంతసేపు నవ్వామో. డాక్టరుగారు తొంగి చూస్తే బొటనవేలు ఎత్తి చూపించాను. ఆయన కుర్చీలో కూలబడి "హమ్మయ్య" అన్నారు, ఆయన పెళ్ళామే వంతెన దిగినట్టు.

పెళ్ళాం తనని మర్చిపోయిందని ఇంత సంబరపడే మొగుడు ఎక్కడైనా ఉంటాడా? ఉన్నాడు. ఇంటికి నడుచుకుంటూ వచ్చాడు, దారిలో ఎదురైన ప్రతివాణ్ణీ పలకరించాడు, కూర్చుని కడుపునిండా తిన్నాడు. లోపల ఒక మూల చిన్న వెలితి కూడా ఉంది. ఇక పదిన్నరకి నాతో పనిలేదు కదా. ఉండనీ. పుండు మానాక కట్టు విప్పేయాలి. కట్టు ఏడవకూడదు.

జూన్ 7

అయినా అలవాటు కొద్దీ చెవిలో తీగ పెట్టుకుని పని మొదలుపెట్టాను, మామ్మ చెల్లెలి సెట్టు. ఈసారి ముందే లోపలంతా దూదితో రాసి చూశాను, నున్నగా ఉంది. పదిన్నరకి మోగింది. ఉలిక్కిపడ్డాను.

"ఏమైంది? మళ్ళీ భయమేస్తోందా?"

"లేదు" అంది. బూట్ల చప్పుడు ఇనుము మీద పైకి పోతోంది, తొణకకుండా, ఒకే వరసలో. "ఊరికే చేశాను."